సంయోజకతలో ‘సం’, సమయోజనీయలో ‘సమ’

మా చెల్లి కూతురు పదో తరగతి, తెలుగు మీడియం. మొన్న రాత్రి కెమిస్ట్రీ చదువుతూ "పెద్దమ్మా, సంయోజకత, సమయోజనీయ రెండూ ఒకటేనా" అని అడిగింది, నోట్సు చూస్తే రెండు చోట్లా సున్నా పెట్టి ‘సంయో’ అనే రాసుకుంది. తప్పు పిల్లది కాదండీ, సంయోగాన్ని మనం సమ్యోగం అనే పలుకుతాం, చెవికి రెండూ ఒకలాగే వినిపిస్తాయి.

సంయోజకత అంటే వేలెన్సీ, ఒక పరమాణువుకి ఇతర పరమాణువులతో కలిసే శక్తి ఎంతో చెప్పే లెక్క. ఇందులో సం అంటే కూడి, కలిసి, మన సంయుక్తాక్షరంలో ఉన్న సం ఇదే. పిల్లకి ఎలక్ట్రాన్ల బదులు చింతపిక్కలు పెట్టి చూపించా. కాల్షియం చివరి కక్ష్యలో 2 పిక్కలు, వదిలించుకోవాలని చూస్తుంది, క్లోరిన్‌కి 7 ఉన్నాయి, 8 అవ్వాలంటే ఒక్కటి చాలు. మరి రెండో పిక్క ఎవరికివ్వాలి అన్నా, కాసేపు చూసి తనే ఇంకో క్లోరిన్ పళ్లెం తెచ్చి పెట్టింది, అదే సిఏ సిఎల్ టూ అంటే, ఇక బట్టీ ఎందుకు!

సమయోజనీయ (కోవలెంట్ బంధం) వేరు, అందులో ఉన్నది సమద్విబాహు త్రిభుజంలోని సమ. అక్కడ ఒకరు ఇవ్వడం ఇంకొకరు తీసుకోవడం ఉండదు, ఇద్దరూ ఎలక్ట్రాన్ జంటని కలిపి వాడుకుంటారు. నాకు మాత్రం ఈ ‘సమ’ అంత నచ్చదు, ఎందుకంటే హెచ్ సిఎల్‌లో (హైడ్రోజన్ క్లోరైడ్) క్లోరిన్ ఆ జంటని తన వైపుకే ఎక్కువ లాక్కుంటుంది, సమానం ఎక్కడుంది? రెండిళ్ల మధ్య ఉమ్మడి గోడ అంటాం కదా, అలా ఉమ్మడి బంధం అంటే పిల్లలకి ఇట్టే అర్థమయ్యేది, సున్నా గొడవా ఉండేది కాదు.

ఇంకో మాట, చాలామంది ‘ఉప్పు అణువు’ అని రాస్తుంటారు. ఉప్పు రాయిలో విడిగా అణువులు ఉండవండీ, ప్రతి సోడియం అయాన్ (విద్యుదావేశం ఉన్న పరమాణువు) చుట్టూ 6 క్లోరైడ్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ 6 సోడియంలు, రాయి మొత్తం అదే అల్లిక. ఎన్ఏ సిఎల్ అన్నది 1:1 నిష్పత్తి మాత్రమే, దాన్ని ఫార్ములా యూనిట్ అంటారు. దీనికి మీ టీచర్లు క్లాసులో ఏ తెలుగు మాట వాడేవారో గుర్తుంటే రాయండి, పిల్లకి చెప్పాలి.