కహాతీయులకు బండ్లు ఎందుకివ్వలేదు? గుడారం విప్పే వరస ఏంటి?

ప్రశ్న (చార్టు_మాస్టారు):
అందరికీ వందనాలు. సండే స్కూల్ పెద్దపిల్లల కోసం ప్రత్యక్షపు గుడారం (ఇశ్రాయేలీయులు అరణ్యంలో మోసుకెళ్లిన ఆరాధన గుడారం) ప్రయాణం మీద చార్టు గీస్తున్నాను. సంఖ్యాకాండం 7లో 6 బండ్లు, 12 ఎద్దులు. లేవీ గోత్రపు మూడు కుటుంబాల్లో గెర్షోనీయులకు 2 బండ్లు, మెరారీయులకు 4, కహాతీయులకు ఒక్కటీ లేదు. బరువైన బంగారు సామానంతా కహాతీయులదే కదా, వాళ్లకే ఎందుకివ్వలేదు? మందసాన్ని (పది ఆజ్ఞల పలకలున్న పెట్టె) సర్దేది యాజకులా, లేవీయులా? బట్టల రంగులు కూడా చెప్తే బొమ్మలో తప్పు పోదు.

జవాబు (సీనాయి_దారి):
మాస్టారూ, అసలు బరువు మెరారీయులది. 10 మూరల ఎత్తు, మూరన్నర వెడల్పు పలకలు 48. వాటి కింద, అడ్డతెర (మందసం ముందుండే తెర) స్తంభాల కింద కలిపి వెండి దిమ్మలు 100, దిమ్మకు ఒక తలాంతు. తలాంతు సుమారు 34 కిలోలు అనుకున్నా దిమ్మలే 3,400 కిలోలు. నాలుగు బండ్లకు పంచితే బండికి 850 కిలోలు, పలకలింకా ఎక్కించనే లేదు! ఆవరణం స్తంభాలు, వాటి ఇత్తడి దిమ్మలు, మేకులు, తాళ్లు కూడా వాళ్లవే. అందుకే వాళ్ల సామాను పేరుపేరునా లెక్క రాసి అప్పగించమన్నాడు దేవుడు (సంఖ్యా 4:32). ఒక్క మేకు తగ్గినా మరుసటి మజిలీలో తెర నిలవదు మరి. గెర్షోనీయులవి తెరలు, పైకప్పులు, తాళ్లు. 2 బండ్లు సరిపోయాయి.

కహాతీయులకు బండి ఇవ్వకపోవడం పొరపాటు కాదు, 7:9లో కారణం ఉంది: పరిశుద్ధమైనవాటిని భుజాల మీద మోయాలి. దావీదు కాలంలో మందసాన్ని కొత్త బండి ఎక్కించారు, నాకోను కళ్లం దగ్గర ఎద్దులు తూలాయి, ఉజ్జా చెయ్యి చాపి మందసాన్ని పట్టుకుని చనిపోయాడు. రెండోసారి లేవీయులు మోతకర్రలతో భుజాన మోశారు (1 దినవృత్తాంతములు 15:15).

జవాబు (నీలిబట్ట):
సర్దేది యాజకులే, అంటే అహరోను, అతని కుమారులు. కప్పడం పూర్తయ్యాకే కహాతీయులు లోపలికి రావాలి. ముందే వచ్చి ముట్టినా, చూసినా చావే (4:15, 20). యాజకులంతా లేవీ గోత్రమే గానీ లేవీయులంతా యాజకులు కారు. ఈ తేడా చార్టులో పెద్ద అక్షరాలతో పెట్టండి. మోషే, అహరోనులకు ఎదురు తిరిగిన కోరహు కూడా కహాతీయుడే, అతని గొడవంతా ఈ గీత దగ్గరే.

మందసం: ముందు అడ్డతెర దించి దానిమీదే కప్పాలి. తర్వాత సముద్రవత్స (ఒక జంతువు) తోలు, అన్నిటికంటే పైన నీలిబట్ట. మిగతావాటికి తోలే పైకి వస్తుంది, కాబట్టి దారిలో నీలంగా కనపడేది మందసం ఒక్కటే. చాలా బొమ్మల్లో తప్పు పోయేది ఇక్కడే.

సన్నిధి బల్ల: నీలిబట్ట, దానిమీద పాత్రలూ రొట్టెలూ, పైన ఎర్రబట్ట, ఆపైన తోలు. దీపవృక్షానికి మోతకర్రల ఉంగరాలు లేవు. కత్తెరలతో, నూనె పాత్రలతో సహా నీలిబట్ట చుట్టి, తోలులో పెట్టి దండె మీద మోస్తారు. బంగారు ధూపవేదికకు నీలిబట్ట, తోలు. ఇత్తడి బలిపీఠానికి ముందు బూడిద ఎత్తి, ఊదారంగు బట్ట పరిచి, సామాను దానిమీద పెట్టి తోలు కప్పాలి. గంగాళం (యాజకులు చేతులు, కాళ్లు కడుక్కునే ఇత్తడి తొట్టి) ఊసు ఈ అధ్యాయం హెబ్రీ పాఠంలో లేదు, దానికి రంగు వేయకండి.

చార్టు_మాస్టారు:
బాగా అర్థమైంది. ఒక్క సందేహం. మోతకర్రలు ఎప్పుడూ తీయకూడదని నిర్గమ 25:15లో ఉంది, ఇక్కడేమో 4:6లో దూర్చమంటున్నాడు?

నీలిబట్ట:
అక్కడి హెబ్రీ క్రియకు పెట్టు, అమర్చు అని విశాలమైన అర్థం. ఉన్న కర్రలనే మోతకు వీలుగా సరిచేయడం అని కొందరు వివరిస్తారు. ఉన్నవి తీయరు కాబట్టి బొమ్మలో కర్రలు ఎప్పుడూ ఉంచేయండి.

సీనాయి_దారి:
నడిచే వరస కూడా వేయండి (10:14-21). యూదా పాళెం (యూదాతో కలిసి దిగిన గోత్రాల గుంపు) కదిలాక గెర్షోను, మెరారి బండ్లు. తర్వాత రూబేను పాళెం, దాని వెనక కహాతీయులు. పరిశుద్ధమైన సామాను వచ్చేసరికి పలకలు లేచి, తెరలు కట్టి సిద్ధంగా ఉంటాయి. మోసేవాళ్ల వయసు 30 నుంచి 50, మూడు కుటుంబాలూ కలిపి 8,580 మంది. 8:24లో 25 అని చూసి తికమకపడొద్దు, 30 ఏళ్లు 4వ అధ్యాయంలోని లెక్క. చార్టులో 30 వేసి పక్కన వచనం రాయండి.