పాప తనది కాదంటున్న భర్త: డీఎన్ఏ పరీక్షకు చెల్లెలు ఒప్పుకోవాలా?

కోస్గి దగ్గరి పల్లె నుంచి ఒక అన్న:
మా చెల్లెలి భర్త పుణెలో కట్టడం పనికి వెళ్తాడు. మొన్నటి దసరాకు పది రోజులు ఇంటి దగ్గర ఉన్నాడు. పండుగ అక్టోబరు మొదటి వారంలో వచ్చింది, పాప జూన్ చివర్లో పుట్టింది. నెలలు కుదరడం లేదని, పాప తనది కాదని ఇప్పుడు డబ్బు పంపడం మానేశాడు. పెద్దమనుషులు డీఎన్ఏ పరీక్ష చేయించి, తేడా వస్తే తెగతెంపుల కాగితం రాసుకోమంటున్నారు. చట్టంలో 280 రోజుల లెక్క ఉందని ఒకాయన గట్టిగా వాదిస్తున్నాడు. చెల్లెలు ఏడుస్తూ, పరీక్షకు సిద్ధమే అంటోంది.

మహబూబ్‌నగర్ నుంచి ఒక వకీలు:
తమ్ముడూ, ముందు ఆ పరీక్ష ఆపండి. మీ చెల్లెలి మీద అనుమానంతో చెప్పడం లేదు. నమూనా ఎవరిదో, ఎవరి ముందు తీశారో తేలని ప్రైవేటు కాగితం ఒకటి పుట్టిందంటే పసిబిడ్డ జీవితమంతా దాని చుట్టూ వాదన నడుస్తుంది. పరీక్ష చేయించుకోమని ఆదేశించే అధికారం పంచాయితీకి లేదు.

పెళ్లి నిలిచి ఉండగా పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనని భారతీయ సాక్ష్య అధినియం 116వ సెక్షన్ చెబుతుంది. 2024 జులై 1కి ముందు పాత సాక్ష్య చట్టంలో ఇది 112వ సెక్షన్. 280 రోజుల మాట పెళ్లి బంధం తెగిపోయాక పుట్టిన బిడ్డల గురించి. మీ చెల్లెలికి దానితో పనే లేదు. అసలు ఆ దసరా నుంచి జూన్ చివరికి దాదాపు 38 వారాలు. గర్భం నిలిచిన నాటి నుంచి కాన్పుకు మామూలుగా పట్టే కాలమే కదా!

కాదనాలంటే, గర్భం నిలవగల రోజుల్లో ఇద్దరూ కలిసే అవకాశమే లేదని భర్త నిరూపించాలి. అతనేమో ఆ రోజుల్లో ఇంట్లోనే ఉన్నాడు. ఇలాంటి పరీక్షలకు ఆషామాషీగా ఆదేశాలు ఇవ్వరాదని సుప్రీంకోర్టు 1993లో గౌతమ్ కుండు కేసులో చెప్పింది. 2023లో అపర్ణ ఫిరోదియా కేసులో బిడ్డ మేలును ముందు చూడమంది. అయితే 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో, కోర్టు ఆదేశంతో వచ్చిన ఫలితం అప్పటికే చేతిలో ఉండటంతో దానికే విలువ ఇచ్చింది. కోర్టే ఆదేశిస్తే మాత్రం తప్పించుకోవద్దు. నిరాకరిస్తే దాన్ని ఆమెకు వ్యతిరేకంగా తీసుకోవచ్చు.

అన్న:
మనోవర్తి కోసం పుణె వెళ్లాలా? కాగితం మీద చెల్లెలు సంతకం చేసేస్తే?

వకీలు:
పుణె అక్కర్లేదు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద ఆమె ఉంటున్న జిల్లాలోనే దరఖాస్తు పెట్టవచ్చు. కేసు తేలేలోపు మధ్యంతర మనోవర్తి కూడా అడగాలి. సంతకం చేయనివ్వకండి. పాపకు రావలసిన తిండి ఖర్చు తల్లి రాసిచ్చేది కాదు. ఇంకో మాట, ఆ సెక్షన్ పెళ్లి కాకుండా పుట్టిన బిడ్డకు కూడా తండ్రి నుంచి మనోవర్తి ఇప్పిస్తుంది. ఏ బిడ్డనూ గాలికి వదలమని చట్టం చెప్పదు.

దేవరకొండ నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు:
తమ్ముడూ, ఉచిత న్యాయ సహాయం నంబరు 15100కు ఫోను చేయండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో సంబంధం లేకుండా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. పాప జనన ధ్రువపత్రం, పెళ్లి ఫొటోలు, అతను ఇంతకుముందు డబ్బు పంపిన ఆధారాలు తీసి పెట్టుకోండి. గర్భిణిగా ఉన్నప్పుడు తీసిన మొదటి స్కానింగ్ రిపోర్టు తప్పకుండా వెతకండి, అందులో వారాల లెక్క ఉంటుంది.