మురుగునీటికి క్లోరిన్ కొట్టి అలాగే వాగులో వదలొచ్చా?

వాగుగట్టు: శుద్ధి చేసిన మురుగునీటిలో మొత్తం అవశేష (వేశాక మిగిలిన) క్లోరిన్ లీటరుకు 1 మి.గ్రా. దాకా ఉండొచ్చని మన పర్యావరణ పరిరక్షణ నిబంధనలు ఒప్పుకుంటున్నాయి. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మంచినీటి జీవులకు పెట్టిన హద్దు గంట సగటున 0.019, నాలుగు రోజుల సగటున 0.011 మి.గ్రా. యాభై రెట్లకు పైగా తేడా! క్లోరిన్ మొప్పల పొరను కాల్చేస్తుంది. క్లోరిన్, అమ్మోనియా కలిస్తే ఏర్పడే క్లోరమైన్ రక్తంలోకి దిగి హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని మెథమోగ్లోబిన్‌గా మారుస్తుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప ఊపిరాడక చస్తుంది. ఇలా వదలడం ఆపాలి.

కాంటాక్ట్‌ట్యాంక్: వాగుగట్టు గారూ, కింద మనుషులున్నారండీ. మూసీ దిగువన ఆ నీటితోనే వరి, గడ్డి, ఆకుకూరలు పండిస్తున్నారు. మలం నుంచి వచ్చే కోలిఫాం క్రిములు 100 మి.లీ.కు 230 దాటకూడదని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్జీటీ) చెప్పింది. క్లోరిన్ తగ్గిస్తే అది కుదరదు. పైగా నాలా బురదలో క్లోరిన్ ఎలాగూ ఖర్చయిపోతుంది, క్లోరిన్ ఉంటే రంగు చూపే డీపీడీ పరీక్షలో సున్నాయే వస్తుంది.

రసాయనం: ఆ సున్నా దేనితోనూ కలవని ఫ్రీ క్లోరిన్‌దండీ. మురుగునీటిలో అమ్మోనియా ఉంటుంది కాబట్టి వేసిన క్లోరిన్ క్లోరమైన్ అయిపోతుంది. డీపీడీ-1 మాత్ర వేసిన గొట్టంలోనే డీపీడీ-3 వేసి రెండు నిమిషాలు ఆగి చూడండి. గులాబీ రంగు తేలితే అదే క్లోరమైన్. ఫ్రీ క్లోరిన్‌లా అది త్వరగా పోదు, చాలా దూరం వాగు వెంట వెళ్తుంది. రంగు పోల్చి చూసే మామూలు కంపారేటర్‌కు 0.02 మి.గ్రా. కనబడదు, అది వేరే చిక్కు.

క్లోరిన్ తగ్గించమని ఎవరూ అనడం లేదు. క్లోరిన్ నీటితో కలిసి ఉండే 30 నిమిషాల కాంటాక్ట్ పూర్తయ్యాక, ట్యాంకు చివరి కట్ట దగ్గర నీరు సుడి తిరిగేచోట మిగిలిన క్లోరిన్‌ను పోగొట్టే సోడియం మెటాబైసల్ఫైట్ వేయాలి. కిలో క్లోరిన్‌కు 1.34 కిలోలు. రోజుకు కోటి లీటర్ల ప్లాంటులో 1 మి.గ్రా. అవశేషమంటే 10 కిలోల క్లోరిన్, కొంచెం ఎక్కువ పట్టుకుంటే 15 కిలోల మందు. ముందే వేస్తే క్రిములు చావవు.

కాంటాక్ట్‌ట్యాంక్: లెక్క ఒప్పుకుంటాను. కానీ మందు ఎక్కువైతే వాగులో ఆక్సిజన్ తినేయదా? క్రిములను చంపే యూవీ (అతినీలలోహిత) దీపాలు పెడితే రెండు బాధలూ ఉండవు కదా?

రసాయనం: తింటుంది, మిగిలిన కిలో మందుకు దాదాపు 170 గ్రాముల ఆక్సిజన్. అర్ధరాత్రి ప్రవాహం తగ్గినా పంపు అదే వేగంతో పోస్తుంటే జరిగేది ఇదే. పంపును ఫ్లోమీటర్‌కు కలపాలి, ద్రావణం గాలికి చచ్చుబడుతుంది కనుక తాజాగా కలుపుకోవాలి. యూవీ మంచిదే, అయితే నీరు తేటగా ఉండాలి. మడ్డి కణాల నీడలో క్రిములు దాక్కుంటాయి, క్వార్ట్జ్ గొట్టాల మీద పాచి పడుతుంది, కరెంటు పోతే ఆ సేపూ శుద్ధి లేనట్టే. ఫిల్టర్లు లేని పాత ప్లాంటుకు మెటాబైసల్ఫైటే నయం.