70 దాటినవారికి ఇంటర్‌ఫెరాన్ ప్రతిరక్షకాల పరీక్ష చేయాలా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు, గుంటూరు:

సభ్యులందరికీ నమస్కారం. 2021 మే నెలలో మా ఇంట్లో పెదనాన్నగారికీ పెద్దమ్మగారికీ ఒకే వారంలో కోవిడ్ సోకింది. షుగర్ ఉన్న పెద్దమ్మ నాలుగు రోజుల జ్వరంతో బయటపడింది. ఏ జబ్బూ లేని, రోజూ పొలం గట్ల మీద నడిచే 74 ఏళ్ల పెదనాన్న మాత్రం పదకొండో రోజున వెంటిలేటర్ మీదే పోయారు. ఆయన రక్తంలో ఏముందో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ ఈ ప్రశ్నను వెతుకుతూ పోతే 2020లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం దొరికింది. ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగులలో 101 మందికి తమ సొంత ఇంటర్‌ఫెరాన్లనే పనిచేయనివ్వని ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) ఉన్నాయి, వారిలో 95 మంది మగవారు. లక్షణాలు లేకుండానో స్వల్పంగానో గడిచిపోయిన 663 మందిలో ఒక్కరికీ అవి లేవు. వైరస్ చొరబడిందని కణం పొరుగు కణాలకు చాటే మొదటి దండోరా ఇంటర్‌ఫెరానే కదా, ఆ దండోరా వేసేవాడి నోరే నొక్కేస్తే ఊరు మేల్కొనేదెప్పుడు? అందుకే 70 దాటిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలని నా వాదన.

వైద్య విద్యార్థి, విశాఖపట్నం:

మీ పెదనాన్నగారి విషయం విని బాధ కలిగిందండీ. అయినా ఒక సందేహం అడగక తప్పదు. ఈ ప్రతిరక్షకాలు జబ్బు ముదరడానికి కారణమా, ముదిరిన జబ్బు మిగిల్చిన ఆనవాళ్లా? 2021లో యేల్ విశ్వవిద్యాలయం వారు కోవిడ్ రోగులలో ఇంటర్‌ఫెరాన్లకే కాక మరెన్నో రోగనిరోధక ప్రోటీన్లకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలను కనుగొన్నారు, వాటిలో కొన్ని ఇన్‌ఫెక్షన్ తర్వాతే పుట్టుకొచ్చినవి. అన్నింటినీ ఒకే గాటన కట్టి కారణమనడం తొందరపాటు కాదా?

చర్చ ప్రారంభించిన సభ్యుడు:

అన్నింటినీ కట్టడం లేదు, ఇంటర్‌ఫెరాన్ల వరకే నా మాట. ఏపీఎస్-1 అనే అరుదైన వంశపారంపర్య వ్యాధిలో ‘ఎయిర్’ అనే జన్యువు చెడిపోయి, సొంత ప్రోటీన్ల మీదికి పోయే కణాలను థైమస్ గ్రంథి ఏరివేయలేకపోతుంది. దాంతో దాదాపు అందరికీ చిన్ననాటి నుంచే ఈ ప్రతిరక్షకాలు ఉంటాయి. అలాంటివారు 22 మందికి కోవిడ్ సోకితే 19 మంది న్యుమోనియాతో ఆస్పత్రిలో చేరారు, 15 మంది ఐసీయూ దాకా వెళ్లారు, నలుగురు చనిపోయారు. వారి వయసు 8 నుంచి 48 మధ్య! కోవిడ్ పుట్టకముందే వారిలో ఉన్న ప్రతిరక్షకాలను కోవిడ్ మిగిల్చిన ఆనవాళ్లని ఎలా అనగలం? అదే వ్యాధి ఉండి కూడా స్వల్ప జ్వరంతో తేలికగా బయటపడినవారు కొందరున్నారన్నది నిజమే, కాబట్టి ఇదొక్కటే తలరాతను నిర్ణయిస్తుందని నేనూ అనను. కానీ తీవ్రమైన ఇన్‌ఫ్లుయెంజా న్యుమోనియా రోగులలోనూ సుమారు 5 శాతం మందిలో ఇవే కనిపించాయి.

ల్యాబ్‌లో పనిచేసే సభ్యురాలు, హైదరాబాద్:

కారణం విషయంలో నేను మీతోనే ఉన్నానండీ, అందరికీ పరీక్ష అన్నచోటే ఆగిపోతున్నాను. ఇది గంటలో రిపోర్టు చేతికిచ్చే రక్తపరీక్ష కాదు. ఎలైజా అనే మామూలు ల్యాబ్ పరీక్షతో ప్రతిరక్షకం ఇంటర్‌ఫెరాన్‌కు అతుక్కుంటుందా లేదా అన్నదే తెలుస్తుంది, ఇంటర్‌ఫెరాన్‌ను ఆపుతుందా లేదా తెలియదు. అది తెలియాలంటే ప్లాస్మాను పదింతలు పలుచన చేసి, అందులో ఇంటర్‌ఫెరాన్ కలిపి, పెంచిన కణాల మీద వేయాలి. ఇంటర్‌ఫెరాన్ అందితే ఆ కణాలు వెలుగునిస్తాయి, ప్రతిరక్షకాలు దాన్ని పట్టేస్తే ప్లేటులో ఆ గుంట చీకటిగానే మిగులుతుంది. కలిపే ఇంటర్‌ఫెరాన్ మోతాదును తగ్గించేకొద్దీ బలహీనమైన ప్రతిరక్షకాలు కూడా బయటపడతాయి, కాబట్టి ఏ మోతాదు దగ్గర గీత గీస్తామన్నదాన్ని బట్టే ఎవరిని పాజిటివ్ అనాలో మారుతుంది.

ఇన్‌ఫెక్షన్ సోకని 70 ఏళ్లు పైబడినవారిలో సుమారు 4 శాతం మందికి ఇవి ఉంటాయని, కోవిడ్ మరణాలలో దాదాపు 20 శాతం వీటితో ముడిపడి ఉన్నాయని 2021 నాటి పెద్ద అధ్యయనం తేల్చింది. కానీ నూటికి నలుగురి కోసం తక్కిన 96 మందికీ ఇంత సున్నితమైన పరీక్ష చేయగల ల్యాబ్‌లు మనకు జిల్లాకు ఒక్కటైనా ఉన్నాయా? న్యుమోనియాతో చేరిన రోజునే వృద్ధులకు ఈ పరీక్ష జరిగితే దాని ఫలితం చికిత్సను మార్చగలదు. 2021 ఏప్రిల్‌లో మన దేశంలో ఒక మోస్తరు కోవిడ్‌కు విరాఫిన్ ఇంజెక్షన్‌ను అత్యవసరంగా అనుమతించారు, గుర్తుందా? ఇంటర్‌ఫెరాన్లలో ఆల్ఫా, బీటా వంటి రకాలున్నాయి, అది ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా-2బి. ఆల్ఫాను అడ్డుకునే ప్రతిరక్షకాలున్న రోగికి అదే మందు ఎక్కిస్తే దాన్నీ అవే మింగేయవచ్చు. బీటా రకాన్ని అడ్డుకునేవి చాలా అరుదు కనుక అలాంటివారికి బీటా ఇవ్వడం మేలన్న ఆలోచన ఉంది, కానీ ఆస్పత్రిలో చేరాక అందరికీ బీటా ఇచ్చి చూసిన డబ్ల్యూహెచ్‌ఓ సాలిడారిటీ ట్రయల్‌లో మరణాలు తగ్గలేదు. ప్రతిరక్షకాలున్నవారిని వేరు చేసి, మొదటి రోజుల్లోనే ఇచ్చి చూడాలి. మా ల్యాబ్‌లో ఆ పరీక్ష పెట్టమని అడిగే మొదటి డాక్టరు కోసం నేను ఎదురుచూస్తున్నాను.