ఐఈఎల్‌టీఎస్ రీడింగ్‌లో 23 దగ్గరే ఆగిపోయాను, మూడో పాసేజీకి టైమ్ చాలడం లేదు

గుంటూరు_సిస్టర్:

నమస్తే అండి అందరికీ. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

నేను గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. బీఎస్సీ నర్సింగ్ అయి నాలుగేళ్ళయింది. యూకే వెళ్దామని ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ అనే ఇంగ్లీషు పరీక్ష రాస్తున్నాను. అక్కడి నర్సింగ్ కౌన్సిల్‌కి రీడింగ్, లిజనింగ్, స్పీకింగ్ మూడింట్లో బ్యాండ్ స్కోరు 7, రైటింగ్‌లో 6.5 చూపించాలి. మిగతావి ఎలాగోలా లాక్కొస్తాననే నమ్మకం ఉంది కానీ రీడింగ్ దగ్గరే బండి ఆగిపోయింది. 40 ప్రశ్నలకి 22, 23 వస్తున్నాయి, అంటే బ్యాండ్ 6 దగ్గర ఉన్నట్టు. 7 రావాలంటే 30 దాకా కావాలి.

మాది సత్తెనపల్లి వైపు పల్లెటూరు, టెన్త్ దాకా తెలుగు మీడియమే. ఇంగ్లీషు వాక్యం కనపడితే మనసులో తెలుగులోకి మార్చుకుంటే గానీ ముందుకు పోలేను. మొదటి పాసేజీకి 25 నిమిషాలు, రెండోదానికి ఇంకో 25, ఇక మూడోదానికి వచ్చేసరికి పది నిమిషాలుంటాయి, ప్రశ్నలేమో 14. అక్కడి నుంచి చేతులు వణుకుతాయి, కళ్ళు లైన్ల మీద పోతుంటాయి కానీ బుర్రలోకి ఏమీ వెళ్ళదు.

అరండల్‌పేటలో ఒక కోచింగ్‌లో చేరాను. స్కిమ్మింగ్ (పైపైన చదవడం) చెయ్యండి, స్కానింగ్ (కావాల్సిన ముక్క వెతకడం) చెయ్యండి అని బోర్డు మీద రాసి 500 పదాల లిస్టు చేతిలో పెట్టారు. ఎలా చెయ్యాలో ఒక్క పేరా తీసుకుని మా ఎదురుగా చేసి చూపించినవాళ్ళు లేరు. ఫీజు మొత్తం ముందే కట్టేశాను, అది వేరే బాధ.

పరీక్ష ఇంకా ఏడు వారాలుంది. నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలు. నాకు తెలియాల్సింది ఏంటంటే, ఈ తెలుగులోకి మార్చుకునే అలవాటు పోతుందా? ఇచ్చిన వాక్యం పాసేజీ ప్రకారం ఒప్పా, తప్పా, అసలు చెప్పలేదా అని అడిగే ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్‌లో ఫాల్స్‌కీ నాట్ గివెన్‌కీ తేడా ఎలా పట్టుకోవాలి? దయచేసి అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

బెజవాడ_మాస్టారు:

అమ్మా, నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకి ఇంగ్లీషు చెప్తాను, పద్దెనిమిదేళ్ళుగా ఇదే పని. మీరు రాసింది చదివితే మా క్లాసులో సగం మంది కళ్ళ ముందు కనపడ్డారు. 23 వస్తున్నాయంటే మీ దగ్గర పదాలు సరిపడా ఉన్నట్టే. కాబట్టి ఆ 500 పదాల లిస్టు పక్కన పెట్టేయండి, ఈ ఏడు వారాలకి దానితో పని లేదు.

మీ టైమ్ ఎక్కడ పోతోందో చెప్తాను. మన తెలుగులో క్రియ చివర్న వస్తుంది. చివరిదాకా వెళ్ళి, అక్కడ క్రియ దొరికాక అర్థం కట్టుకోవడం మనకి పుట్టినప్పటి నుంచి అలవాటు. ఇంగ్లీషులో ఎవరు, ఏం చేశారు అన్నది ముందే చెప్పేసి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు అనేవి వెనకాల తగిలించుకుంటూ పోతారు. మీరు తెలుగు చేసుకుంటున్నారంటే ప్రతి వాక్యంలోనూ చివరిదాకా పోయి మళ్ళీ మొదటికి వస్తున్నారన్నమాట. 900 పదాల పాసేజీని 1800 పదాలుగా చదువుతున్నారు, ఇంక టైమ్ ఎక్కడ సరిపోతుంది?

ఒక వాక్యం చూద్దాం. 'ద బ్రిడ్జ్ దట్ వాజ్ డ్యామేజ్డ్ ఇన్ ద ఫ్లడ్స్ వాజ్ రిప్లేస్డ్ ఫైవ్ ఇయర్స్ లేటర్.' దీన్ని మనం 'వరదల్లో దెబ్బతిన్న వంతెన' అని తిప్పుకుంటాం, ఎందుకంటే తెలుగులో 'దెబ్బతిన్న' అనేది వంతెనకి ముందు రావాలి. ఆ తిప్పడంలోనే మీ నిమిషాలు పోతున్నాయి. తిప్పకండి. బ్రిడ్జ్ అనగానే ఒక వంతెన కళ్ళ ముందు పెట్టుకోండి. 'దట్' రాగానే ఇది వంతెన గురించి అదనపు ముచ్చట అనుకుని ఆగకుండా సాగిపోండి, 'వాజ్ రిప్లేస్డ్' దగ్గర అసలు క్రియ దొరుకుతుంది. వంతెన, మార్చారు. అంతే వాక్యం. మిగతాదంతా దానికి వేలాడుతున్న సామాను, ప్రశ్న దాని గురించి అడిగితే అప్పుడు వెనక్కి వచ్చి చూసుకోవచ్చు.

రోజుకి ఒక్క పేరా తీసుకుని పెన్సిల్‌తో ప్రతి వాక్యంలో ఎవరు, ఏం చేశారు అన్న రెండు ముక్కల కిందే గీత గీయండి. తర్వాత గీత గీసినవి మాత్రం పైకి చదవండి, పేరాలో విషయం ఏంటో తెలిసిపోతుంది. కోచింగ్ వాళ్ళు స్కిమ్మింగ్ అన్నది దాదాపుగా ఇదే. మొదటి వారం చాలా నెమ్మదిగా నడుస్తుంది, భయపడకండి. రెండు మూడు వారాలకి పెన్సిల్ లేకుండానే కళ్ళు అక్కడ ఆగడం మొదలుపెడతాయి.

ఇక నాట్ గివెన్ సంగతి. మా పిల్లలకి నేను దీన్ని తెలుగులోనే చెప్తాను, మన బ్యారేజీ పెట్టి. ఈ రెండు వాక్యాలే పాసేజీ అనుకోండి: 'కృష్ణ మీద పాత ఆనకట్టను 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తిచేశారు, అది 1952 వరదల్లో దెబ్బతింది. ఇప్పటి ప్రకాశం బ్యారేజీ 1957లో వాడుకలోకి వచ్చింది.'

ఇప్పుడు ప్రశ్నలు. పాతది దెబ్బతిన్న ఐదేళ్ళకి కొత్తది వాడుకలోకి వచ్చింది. ఇది ట్రూ. 'ఐదేళ్ళు' అన్న మాట పాసేజీలో లేకపోయినా లెక్క సరిపోయింది, మాటలు మార్చి అడగడం వాళ్ళకి మామూలే. పాత ఆనకట్ట కట్టడానికి పదేళ్ళు పట్టింది. ఇది ఫాల్స్, ఎందుకంటే 1852, 1855 అన్న అంకెల మీద వేలు పెట్టి 'కాదు, మూడేళ్ళు' అని చూపించగలం. కొత్త బ్యారేజీకి పాతదానికంటే ఎక్కువ డబ్బు ఖర్చయింది. ఇది నాట్ గివెన్. వందేళ్ళ తర్వాత కట్టినదానికి ఎక్కువ కాకుండా ఎలా ఉంటుంది అని మీ మనసు అంటుంది, నిజమే అయ్యుండొచ్చు కూడా, కానీ ఖర్చు గురించి పాసేజీలో ఒక్క ముక్క లేదు. కాదు అని వేలు పెట్టి చూపించడానికి చోటు ఉంటే ఫాల్స్, వేలు పెట్టడానికే చోటు లేకపోతే నాట్ గివెన్. ఇంతకు మించి ఆలోచించకండి.

మొగల్రాజపురం_కుర్రాడు:

అక్కా, మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. నేను పోయిన సంవత్సరం రాశాను, మాక్‌లలో (ప్రాక్టీస్ పరీక్షల్లో) 24తో మొదలుపెట్టి రెండు నెలలకి 31, 32 దాకా వచ్చాను. టైమ్ గురించి నాకు పనికొచ్చింది చెప్తాను. పాసేజీలు పోనుపోను కష్టమవుతాయి కాబట్టి ఇరవై, ఇరవై, ఇరవై అని సమానంగా పంచుకోవద్దు. నేను మొదటిదానికి 15, రెండోదానికి 20, మూడోదానికి 25 పెట్టుకున్నాను. 15 అయిందంటే ఎన్ని మిగిలినా సరే, ఏదో ఒకటి పెట్టేసి తర్వాతి పాసేజీకి వెళ్ళిపోవడమే. తప్పుకి మార్కులు కట్ చెయ్యరు, కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదలకూడదు.

పాసేజీ ముందా ప్రశ్నలు ముందా అని చాలామంది కొట్టుకుంటారు. నేనైతే హెడ్డింగ్ చూసి, ప్రశ్నలు ఒక్కసారి చదివి, తర్వాత పాసేజీకి వెళ్ళేవాణ్ణి. ట్రూ, ఫాల్స్ ప్రశ్నలు పాసేజీ వరసలోనే వస్తాయి, మూడో ప్రశ్న జవాబు రెండోదాని జవాబు కిందే ఎక్కడో ఉంటుంది, పైకి వెళ్ళి వెతకనక్కర్లేదు. ఏ విషయం ఏ పేరాలో ఉంది అని అడిగేవి మాత్రం వరసలో రావు, టైమ్ మొత్తం తినేస్తాయి. వాటిని ఆ పాసేజీలో ఆఖర్న చేసుకోండి, అప్పటికి ఏది ఎక్కడుందో సగం తెలిసి ఉంటుంది.

ఇంకొకటి. ఖాళీలు పూరించేటప్పుడు 'నో మోర్ దాన్ టూ వర్డ్స్' అన్నారంటే మూడు పదాలు రాస్తే అర్థం కరెక్టయినా సున్నానే. పాసేజీలో ఉన్న పదాన్ని ఉన్నది ఉన్నట్టు దించండి, స్పెల్లింగ్ తప్పయితే మార్కు పోతుంది. ఒక మాక్‌లో గవర్నమెంట్ స్పెల్లింగ్‌లో ఎమ్‌కి ముందుండే ఎన్ వదిలేశాను, జవాబు తెలిసి కూడా మార్కు పోయింది. పదం కళ్ళ ముందే ఉంది, చూసి రాయకుండా గుర్తున్నట్టు రాశాను. అప్పటి నుంచి అక్షరం అక్షరం చూసి కొట్టడం అలవాటు చేసుకున్నాను. కంప్యూటర్ మీద రాసేట్టయితే ప్రాక్టీస్ కూడా స్క్రీన్ మీదే చెయ్యండి, ఫోన్‌లో కాదు.

పుస్తకాలకి డబ్బులు తగలేయకండి. కేంబ్రిడ్జ్ వాళ్ళ పాత పేపర్ల పుస్తకాలు లెనిన్ సెంటర్‌లో సెకండ్ హ్యాండ్ షాపుల్లో దొరుకుతాయి, ఒక్కో పుస్తకంలో నాలుగు పేపర్లుంటాయి. కొనే ముందు మాత్రం పేజీలు తిప్పి చూసుకోండి, ముందు చదివినవాళ్ళు పెన్సిల్‌తో జవాబులు గుర్తు పెట్టేసి ఉంటే దండగ. పేపరు రాయడానికి గంట పడితే, తప్పులు ఎందుకయ్యాయో చూసుకోవడానికి రెండు గంటలు పెట్టండి. నేను ఠాగూర్ గ్రంథాలయంలో కూర్చుని చేసింది ఎక్కువగా ఆ రెండో పనే.

కొత్తపేట_77:

నర్సులకి ఓఈటీ (వైద్య రంగం వాళ్ళకి పెట్టే ఇంగ్లీషు పరీక్ష) కూడా ఒప్పుకుంటారు కదా, దానికి మారిపోండి. పాసేజీలన్నీ మన ఫీల్డ్ గురించే ఉంటాయి. ఫీజు ఎక్కువే కానీ టెన్షన్ తక్కువ.

వార్డ్_నుంచి_లీడ్స్:

సిస్టర్, నేనూ గుంటూరు అమ్మాయినే, ఇప్పుడు యూకేలో పనిచేస్తున్నాను. ఓఈటీ మంచి పరీక్షే, మా బ్యాచ్‌లో కొంతమంది దాంతోనే వచ్చారు. కానీ టెన్షన్ తక్కువ అన్న మాట నేను ఒప్పుకోను. అందులో రీడింగ్ మొదటి భాగం 15 నిమిషాల్లో 20 ప్రశ్నలు, నాలుగు చిన్న చిన్న కాగితాల్లో వెతికి పట్టుకోవాలి. తెలుగులోకి మార్చుకుంటూ చదివేవాళ్ళకి అది ఇంకా కష్టం. ఏడు వారాల ముందు పరీక్ష మార్చుకుంటే రైటింగ్ కూడా కొత్తగా నేర్చుకోవాలి. ముందు చదివే పద్ధతి మార్చుకోండి, మూడు వారాల తర్వాత కూడా 25 దాటకపోతే అప్పుడు ఆలోచిద్దాం.

మన ఫీల్డ్ పాసేజీ వస్తే సులువు అనుకోవడం కూడా ప్రమాదమే. నాకు నిద్ర గురించి పాసేజీ వచ్చింది. తెలిసిన సంగతే కదా అని చకచకా పెట్టేశాను, మార్కులు ఎక్కువగా పోయింది ఆ పాసేజీలోనే. పాసేజీ చెప్పిందానికీ మనకి తెలిసినదానికీ మధ్య గోడ కట్టుకోవాలి. పెద్ద పదాలకంటే చిన్న పదాల మీద కన్నేయండి. అన్‌లెస్, ఆల్దో, హార్డ్లీ, రాదర్ దాన్, ఓన్లీ, మోస్ట్. వీటిలో ఒక్కటి మిస్సయితే వాక్యం అర్థం తలకిందులవుతుంది.

నైట్ డ్యూటీ దిగి వచ్చి ఫుల్ పేపర్ మాత్రం రాయకండి, నా మాట వినండి. ఆ నిద్ర మొహంతో రాస్తే 19 వస్తుంది, అది చూసి రెండు రోజులు మనసు పాడవుతుంది. డ్యూటీ రోజుల్లో మాస్టారు చెప్పిన ఒక్క పేరా, 20 నిమిషాలు, చాలు. ఆఫ్ ఉన్న రోజు బాగా నిద్రపోయి లేచి, మీకు పరీక్ష ఏ టైమ్‌కి ఇచ్చారో అదే టైమ్‌కి కూర్చుని ఫుల్ పేపర్ రాయండి.

గుంటూరు_సిస్టర్:

తొమ్మిది రోజుల తర్వాత వస్తున్నాను, అందరికీ చాలా చాలా థాంక్స్. మాస్టారూ, రోజూ ఒక పేరాకి గీతలు గీస్తున్నాను. మొదటి నాలుగు రోజులు ఏడుపొచ్చింది, ఒక్క పేరాకి అరగంట పట్టింది. నిన్న ఆఫ్ రోజు, తమ్ముడు చెప్పినట్టు 15, 20, 25 పెట్టుకుని రాశాను, 26 వచ్చాయి. మూడో పాసేజీ ఆఖరి ప్రశ్న దాకా వెళ్ళడం ఇదే మొదటిసారి!

ఒక డౌట్ మాత్రం తీరలేదు. పాసేజీలో ఒక ఊళ్ళో కొత్త బావి తవ్విన తర్వాత కలరా కేసులు తగ్గాయి అని ఉంది. ప్రశ్నలో కొత్త బావి వల్ల కలరా తగ్గింది అన్నారు. నేను ట్రూ పెట్టాను, కీలో నాట్ గివెన్ అని ఉంది. మంచి నీళ్ళొస్తే కలరా తగ్గుతుంది కదా, కీ తప్పేమో అనిపిస్తోంది.

వార్డ్_నుంచి_లీడ్స్:

కీ కరెక్టే సిస్టర్. రాత్రి రెండింటికి పేషెంట్‌కి 102 జ్వరం ఉంది, పారాసిటమాల్ ఇచ్చారు, మూడున్నరకి చూస్తే 99. నర్సెస్ నోట్స్‌లో ఏం రాస్తారు? రెండింటికి ఎంత ఉంది, ఏం ఇచ్చారు, మూడున్నరకి ఎంత ఉంది. అంతే కదా. మాత్ర వల్లే తగ్గింది అని మీ చేత్తో ఎప్పుడైనా రాశారా? మీకు అలా అనిపించినా రాయరు, ఎందుకంటే మీరు చూసింది 'తర్వాత' మాత్రమే. ఆ పాసేజీ రాసినవాళ్ళు కూడా 'ఆఫ్టర్' అన్నారు, 'బికాజ్ ఆఫ్' అనలేదు, 'లెడ్ టు' అనలేదు. అలాంటి మాట ఒక్కటున్నా ట్రూ అయ్యేది.

వచ్చే ఆఫ్‌కి రాసిన పేపర్లో తప్పయినవి కూడా ఇక్కడే పెట్టండి, నా డ్యూటీ అయ్యాక చూస్తాను.