సమస్య: కప్ప పామును మింగెను గనుల యెదుట

నిర్వాహకుడు: మాది కొల్లేటి ఒడ్డు. తొలకరికి పెరట్లో నీళ్లు నిలిచి మూడు రాత్రులుగా ఒకటే బెకబెకలు. నిద్రపట్టక పడుకుంటే తట్టిన పాదం ఇది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి, కానివ్వండి.

ఏలూరు మాస్టారు:

గుంట గట్టున నిలిచిన కొంగ యొకటి
చేపకై కాచుకొనియుండి చినుకులోన
నింగి నెల్లను నల్లని నీటిమబ్బు
కప్ప, పామును మింగెను గనుల యెదుట.

ఆకివీడు తమ్ముడు: ‘మబ్బు’ దగ్గర పాదం ఆగింది, ‘కప్ప’ క్రియ అయిపోయింది! మా గట్ల మీద కొంగలు నీరుకట్టె పామును ఇలాగే పట్టుకుపోతాయి. మాస్టారికి దండం.

కైకలూరు కోడలు: విరుపు బాగుంది మాస్టారూ. కానీ కప్పను కప్పగానే ఉంచి చెప్పలేమా?

పసుపు పూసిన బోదురు వానరాత్రి
పెరటి గోలెము దాపున వేచియుండి
జానెడంత లేని కూనను జంకకుండ
కప్ప పామును మింగెను గనుల యెదుట.

ఇది కల్పన కాదు. బోదురుకప్ప నోట పట్టేదైతే ఎలుకపిల్లనైనా పాముపిల్లనైనా వదలదు. తోక ఇంకా బయట ఆడుతుండగా మా గోలెం దగ్గర నేనే చూశాను.

ఏలూరు మాస్టారు: మూడో పాదంలో ‘నికూన’ జగణం (లఘువు, గురువు, లఘువు) పడిందమ్మా, తేటగీతిలో అది చెల్లదు. ‘జానెడును లేని’ అంటే సరిపోతుంది. ‘పసుపు పూసిన’ మాత్రం అచ్చంగా నిజం, జతకట్టే రోజుల్లో మగ బోదురు అలాగే పచ్చబడుతుంది. మరి కిందటి నెల పూరణలో ‘ఆడకప్ప గొంతెత్తి పిలిచె’ అన్నారేం? దవడల పక్క నీలి తిత్తులు ఉబ్బించి పిలిచేది మగదే కదా!

ఆకివీడు తమ్ముడు: అప్పుడే అడుగుదామనుకున్నాను. కప్పకాళ్ల ఎగుమతి కోసం బోదురులను బస్తాల్లో పట్టుకుపోయేవారని మా నాన్న చెప్పేవారు. 1987లో ఆ ఎగుమతి ఆపేశారు కాబట్టి ఈ పద్యానికి కప్ప మిగిలింది.

కైకలూరు కోడలు: ‘జానెడును’ అని దిద్దాను. ఆడకప్ప తప్పూ నాదే. కానీ మాస్టారూ, మీ ‘కప్ప’ అంటే ‘కప్పన్’, ద్రుతాంతం, అంటే చివర నకారం ఉన్న మాట. దాని తర్వాత ‘ప’ ‘బ’ అవుతుంది కదా, ‘పామును’ ఎలా నిలుస్తుంది? ‘కప్పఁ బామును’ కావాలి. సమస్యలో ఉన్నది ‘పా’.

నిర్వాహకుడు: అమ్మ మాటే నిజం. పాదంలో ఆ ఒక్క అక్షరం మార్చుకోవడానికి ఒప్పుకుంటున్నాను. ఆ విరుపును వదులుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

ఏలూరు మాస్టారు: ‘బామును’ అని దిద్దుకున్నాను. నలభై ఏళ్లుగా పద్యాలు రాస్తున్నాను, ఇది నాకు తట్టాల్సింది. ఆదివారం కైకలూరు వస్తున్నాను తల్లీ, ఆ గోలెం చూపించు.