ఏలీయా ‘ఏమో’లు: బైబిల్లో వెటకారాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: 1 రాజులు 18:27 పాత తెలుగు బైబిల్లో చూడండి. బయలు అనే దేవత ప్రవక్తలతో, వాళ్ల దేవుడి గురించి ఏలీయా ప్రవక్త అంటున్నాడు: ధ్యానము చేయుచున్నాడేమో, దూరముననున్నాడేమో, ప్రయాణము చేయుచున్నాడేమో, నిద్రపోవుచున్నాడేమో. ఈ ‘ఏమో’లు నిజమైన సందేహమా, వెటకారమా? ప్రార్థన చదివినట్టు చదివితే తేడా తెలియడం లేదు.

జవాబు 1: వెటకారమే. మనం ఊహించే పని కూడా లేదు, అపహాస్యము చేసెనని ఆ వచనమే చెబుతోంది. ‘ఏమో’ ఒకటే ఉంటే సందేహం, వరసగా నాలుగు పడితే దెప్పిపొడుపు. అయితే ఈ ఒక్క వచనమే చదివితే పండదు, 26 నుంచి మొదలుపెట్టాలి. వాళ్లు తమ దేవుణ్ణి పిలుస్తూ పొద్దుట్నుంచీ మధ్యాహ్నందాకా అరిచి అరిచి ఉన్నారు. అప్పుడు ఈయన ‘పెద్దకేకలు వేయుడి’ అంటున్నాడు. గొంతు పెంచి చదివితే తిట్టులా వినిపిస్తుంది. జాలి పడుతున్నట్టు, నిజంగానే సాయం చేద్దామన్నట్టు, ప్రతి ‘ఏమో’ దగ్గరా కాస్త ఆగి చదవండి.

జవాబు 2: ‘దూరముననున్నాడేమో’ దగ్గర మన అనువాదం మర్యాదకు పోయింది. హీబ్రూలో ఆ మాటకు పక్కకు తప్పుకోవడమని అర్థం. దేవుడుగారు కాలకృత్యాలకు వెళ్లారేమో అన్న ఎత్తిపొడుపు అందులో ఉందని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం.

విచిత్రమేమిటంటే అదే అనువాదం 1 సమూయేలు 24:3లో ఏమీ దాచలేదు. సౌలు గుహలోకి ‘శంకానివర్తికి’ పోయాడని చక్కగా చెప్పింది. మూలంలో అక్కడున్నది ‘కాళ్లు కప్పుకొనుట’ అనే నుడికారం. దాన్ని మక్కికి మక్కి దించకుండా, లఘుశంక అనే అలవాటున్న భాషలోంచి సమానమైన మాట తెచ్చారు. మూడువేల మందితో దావీదును వెతకడానికి బయల్దేరిన రాజు, దావీదు మనుషులు దాక్కున్న గుహలోకే ఆ పని మీద వెళ్లడం! న్యాయాధిపతులు 3:24లోనూ ఇదే నుడికారం. ఏహూదు ఎగ్లోను రాజును చంపి, తలుపులు గడియవేసి పోతాడు. రాజుగారు లోపల ఆ పనిలో ఉన్నారనుకుని సేవకులు సిగ్గుపడేంతసేపు బయట నిలబడతారు. 26వ వచనం చదవకపోతే ఇది ఉత్త మొరటు హాస్యమనిపిస్తుంది. వాళ్లు అలా కాచుకున్నంతసేపూ ఏహూదు పారిపోతున్నాడు. కథ ముందుకు నడవాలంటే ఆ ఆలస్యం కావాలి.

జవాబు 3: పరిశుద్ధ గ్రంథంలో హాస్యం వెతకడం నాకు అంతగా రుచించదు. మనకు నవ్వొచ్చిన చోటల్లా రచయిత నవ్వించాడనడం ఎలా కుదురుతుంది?

జవాబు 1: న్యాయమైన అభ్యంతరం. కాబట్టి వాచకమే సాక్ష్యమిచ్చే చోట్లకు పరిమితమవుదాం. నిర్గమకాండము 32 తీసుకోండి. 4వ వచనంలో అహరోను ‘పోగరతో’ రూపం ఏర్పరచి, జనం పూజకు బంగారు దూడను చేశాడని కథకుడు పనిముట్టుతో సహా చెప్పాడు. 24లో మోషే నిలదీస్తే అహరోను చెప్పేది వేరు: బంగారం అగ్నిలో వేశాను, ఈ దూడ అయింది. ‘చేసెను’ కాస్తా ‘ఆయెను’ అయిపోయింది, కర్త మాయం. గ్లాసు పగలగొట్టిన పిల్లవాడు ‘పగిలిపోయింది’ అన్నట్టే. హీబ్రూలో ఇంకా ఘాటుగా ‘ఈ దూడ బయటికి వచ్చింది’ అని ఉంది. రెండు వచనాలకీ మధ్య పంతొమ్మిది వచనాలున్నాయి. విడివిడిగా చదివేవాళ్లకు ఇది దొరకనిది అందుకే.

జవాబు 2: నేను చూసే పద్ధతి కూడా దాదాపు ఇదే. కథకుడు ముందు ఏం చెప్పాడు, పాత్ర తరవాత ఏమంటోంది, ఈ రెంటికీ పొత్తు కుదరని చోట వేలు పెట్టాలి. సంఖ్యాకాండము 22 అందుకు మంచి అభ్యాసం. ప్రవక్త బిలాము ఎక్కిన గాడిద మూడుసార్లు తప్పుకుంటుంది: మొదట పొలంలోకి, తరవాత గోడకి బిలాము కాలు నొక్కుకునేలా, చివరికి కూలబడుతుంది. నోరు విప్పి మాట్లాడితే బిలాము ఆశ్చర్యపోడు సరికదా, దానితో వాదానికి దిగి, ‘చేతిలో కత్తి ఉంటే చంపేసేవాణ్ణి’ అంటాడు (29). దూసిన ఖడ్గంతో దూత ఎదురుగానే నిలబడి ఉన్నాడని మనకు 23లోనే తెలుసు. దర్శనాలు చూసేవాడికి కనిపించనిది గాడిదకు కనిపిస్తోంది. ఈ 22–31 వచనాల్ని ఆపకుండా ఒక్క ఊపున చదవాలి, మధ్యలో వ్యాఖ్యానం పెడితే హాస్యం చచ్చిపోతుంది.

జవాబు 3: ఇది ఒప్పుకుంటాను. మరి ధనవంతుడు దేవుని రాజ్యంలో ప్రవేశించడం కంటే సూదిబెజ్జంలో ఒంటె దూరడం సులభమన్న యేసు మాట? యెరూషలేములో ‘సూదిబెజ్జం’ అనే చిన్న ద్వారం ఉండేదని, ఒంటె బరువు దించుకుని మోకాళ్ల మీద దూరేదని అంటారు కదా.

జవాబు 1: ఆ ద్వారానికి ఆధారం లేదు. పైగా ఆ వివరణ అతిశయోక్తి పీక నొక్కేస్తుంది. మత్తయి 19:24 విన్న శిష్యులు ‘మిక్కిలి ఆశ్చర్యపడి’, అలాగైతే ఎవడు రక్షణ పొందగలడని అడిగారు. బరువు దించుకుంటే దూరిపోయే ద్వారమైతే ఆ ప్రశ్న రాదు. దోమను వడగట్టి ఒంటెను మింగడం (23:24), కంట్లో దూలం పెట్టుకుని ఎదుటివాడి నలుసు తీయబోవడం (7:3–5), అన్నీ ఒకే బాణీ. దూలాన్ని ‘పెద్ద లోపం’ అని విప్పి చెప్పకండి. ఇంటి కప్పును మోసే కర్రే అది, కంట్లోంచి పొడుచుకుని ఉంది.

జవాబు 2: బైబిల్లోని సామెతల గ్రంథంలో ఇంకా పొదుపు. 26:14లో తలుపు ‘ఉతక’ (తలుపు తిరిగే కీలు) మీద తిరిగినట్టు సోమరి పడక మీద తిరుగుతాడు. తలుపు ఎంత తిరిగినా ఉన్నచోటే కదా. మరుసటి వచనంలో వాడు కంచంలో చెయ్యి పెడతాడు, నోటిదాకా ఎత్తడానికి బద్ధకం. రెండూ కలిపి చదవండి, మధ్యలో ఊపిరి కూడా తీసుకోకుండా.

ప్రశ్న అడిగినవారు: నిర్గమ 8:10 కూడా ఈ కోవలోకి వస్తుందా? దేశమంతా కప్పలు. ఎప్పుడు పోవాలో చెప్పమని మోషే అడిగితే ఫరో ‘రేపు’ అంటాడు.

జవాబు 1: వస్తుంది. 7వ వచనం నుంచి చదవండి. అతని శకునగాళ్లు కప్పల్ని పోగొట్టలేదు, తమ విద్య చూపించి ఇంకొన్ని తెప్పించారు.